పడవ ఇంజను ఎక్కడ తడబడింది

నేను రిటైరైన ఏడాది, డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం మా ఇంటి ముందు టోటో ఆగింది. టోటో అంటే మా ఖరగ్‌పూర్‌లో బ్యాటరీ మీద నడిచే ఆటో. అందులోంచి గార్డు మావయ్య దిగాడు. ఆయన పక్క సీట్లో ఎవరో కంబళి కప్పుకుని కూర్చున్నారు. చలికి ముడుచుకున్న ముసలామె ఎవరో అనుకుని నేను గేటు దగ్గరకి పరిగెత్తాను. మావయ్య కంబళి కొంచెం పక్కకి లాగి చూపించాడు. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన రేకు టోపీ, దాని కింద పొడవాటి ఇనప కాలు, కాలి చివర మూడు రెక్కల పంకా. పడవ వెనక తగిలించే ఇంజను అది.

"ఇది నడవాల తల్లీ," అన్నాడు మావయ్య, ఇంకా టోటో దిగి నిలదొక్కుకోక ముందే. "కొత్త సంవత్సరం ఒచ్చిన రెండో ఆదివారం మన సర్చి పిక్నిక్కు కాసాయి ఏటి ఒడ్డున. మీ అత్తని పడవెక్కించి తిప్పుతానని మాటిచ్చేసినాను."

టోటో నడిపే అతనూ నేనూ చెరో పక్కా పట్టుకుని ఇంజన్ని పెరట్లోకి మోశాం. మావయ్య ముందు నడుస్తూ మాకు దారి చెప్పాడు. అది మా ఇల్లే అన్న సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

గార్డు మావయ్య మాకు చుట్టం కాదు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో రైల్వే క్వార్టర్సులో మా వెనక వరుస ఇల్లు ఆయనది. మేము శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం. వాళ్ళది భీమిలి దగ్గర, క్రైస్తవులు. ఆయన గూడ్సు బండ్లకి గార్డుగా చేశాడు. బండి చివరి పెట్టెలో ఒక్కడే పగళ్ళూ రాత్రులూ కూర్చుని కూర్చుని, ఇంటికొచ్చాక ఆ మాటలన్నీ కలిపి మాట్లాడేవాడు. అత్త తక్కువ మాట్లాడే మనిషి. నలభై ఏళ్ళుగా చర్చిలో ఆవిడే హార్మోనియం వాయిస్తుంది. ఇద్దరికీ డెబ్బై దాటాయి.

ఊళ్ళో ఇంత మంది మెకానిక్కులుండగా ఇంజను నా దగ్గరకే ఎందుకు వచ్చిందంటే, దానికి పాత కారణం ఉంది. నాన్న గుండె ఆగి పోయేనాటికి నాకు ఇరవై ఒకటి. ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. ఆడపిల్ల ఇనుము మోస్తుందా అని మా వరుసలో చాలామంది అమ్మతో అన్నారు. మొదటి రోజు ఉదయం అమ్మ ఏడుస్తుంటే, మావయ్య రాత్రి డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా, నన్ను సైకిలెక్కించుకుని వర్క్‌షాపు గేటు దాకా దిగబెట్టాడు. దారంతా ఏదో చెబుతూనే ఉన్నాడు గానీ నాకు ఒక్క ముక్కా ఎక్కలేదు. గేటు దగ్గర మాత్రం, మీ నాన్న పానాలు ఎలా పట్టుకునేవాడో నువ్వు చిన్నప్పటి నుంచి చూసినదానివే కదా అన్నాడు. అది గుర్తుంది.

తరువాత నేను మోటారు ట్రాలీల సెక్షన్‌కి వెళ్ళాను. పట్టాల తనిఖీకి ఇంజనీర్లు కూర్చుని తిరిగే చిన్న బండ్లవి. వాటికి చిన్న పెట్రోలు ఇంజన్లుంటాయి. ముప్పై ఏళ్ళు వాటి మధ్యే గడిచాయి. చేతిలో పట్టే ఇంజను ఏదైనా సరే, శబ్దం విని రోగం చెప్పగలనని నాకు పేరుంది. ఆ పేరు నాకూ ఇష్టమే. రిటైరయ్యాక నాలుగు నెలల్లో ఇంట్లో మిక్సీ, పక్కింటి నీళ్ళ మోటారు, మా ఆయన స్కూలు రోజుల నాటి గోడ గడియారం బాగు చేశాను. ఆ తరువాత చేతులు ఖాళీగా ఉండిపోయాయి. కాబట్టి కంబళిలోంచి ఇంజను బయటపడగానే నాకు నోరూరిందని చెప్పడానికి సిగ్గుపడను.

దాని కథ మావయ్య టీ తాగుతూ చెప్పాడు. ఆయనకి ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ ఆదివారాలు కాసాయిలో చేపలు పట్టేవారు. ఆ డ్రైవరు ఊరు వదిలి వెళ్ళిపోతూ గాలాలు, ఇంజను మావయ్యకి ఇచ్చేశాడు. ఇంజను అప్పటికే పాతది. మావయ్యకి పెళ్ళయిన కొత్త. మూడు చలికాలాలు అత్తని వెంటేసుకుని నది మీద తిరిగాడు. తరువాత పిల్లలు, బదిలీలు, లైను డ్యూటీలు. ఇంజను బొగ్గుల గదిలోకి పోయింది. క్వార్టర్సు ఖాళీ చేసి సొంత ఇంటికి మారినప్పుడు కూడా ఆయన దాన్ని వదల్లేదు. ఈ మధ్యే తీసి, ఎవరో స్కూటరు మెకానిక్కు చేత నడిపించాడట.

"నడుస్తాది గానీ కుంటుతాది," అన్నాడు.

"రెండ్రోజులు సాలు మావయ్యా," అన్నాను నేను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ముందు ఏమేం ఎండిపోయాయో, ఏమేం పుచ్చిపోయాయో చూశాను. పెట్రోలు పైపు వేలితో నొక్కితే బిస్కట్టులా విరిగింది. ఇప్పటి పెట్రోల్లో కలిపే స్పిరిటుకి పాత రబ్బరు నిలవదు. నీళ్ళు లాగి ఇంజన్ని చల్లబరిచే రబ్బరు చక్రం గట్టిపడి, రెక్కలు ఒక పక్కకి వాలిపోయి ఉంది. దాని కొలతలు తీసి, కొచ్చిలో పడవ సామాన్లు అమ్మే దుకాణానికి ఫోన్లో ఫోటో పంపిస్తే, వాళ్ళు సరిగ్గా అలాంటిదే పోస్టులో పంపారు. అదొచ్చేసరికే వారం అయింది. మావయ్య రోజూ పదింటికి వచ్చి, నా రెండ్రోజుల మాట ఎత్తకుండా టీ తాగి వెళ్ళేవాడు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువగా గుచ్చుకునేది.

చక్రం బిగించాక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి పెరట్లో పెట్టి, నిండా నీళ్ళు పోసి, రెండు దుంగలు పాతి, వాటికి అడ్డంగా కొట్టిన చెక్కకి ఇంజను తగిలించాను. పంకా నీళ్ళలో ఉంటుంది, తల బయట ఉంటుంది. నా స్కూటీ టాంకులోంచి పెట్రోలు తీసి, ఆయిలు కలిపి పోశాను. తాడు చుట్టి లాగాను. పదకొండోసారికి ఇంజను ఒకసారి దగ్గి, ఒక నీలి పొగ మేఘాన్ని మా ఆయన ఆరేసుకున్న లుంగీల మీదకి వదిలి, అందుకుంది. డ్రమ్ములో నీళ్ళు సుడి తిరిగి సగం నా మీద పడ్డాయి. మావయ్య చప్పట్లు కొట్టాడు. నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ చక్కగా ఉంది.

అప్పుడు పిడి తిప్పాను. స్కూటరు ఆక్సిలేటరు లాగే దీనికీ ఒక పిడి ఉంటుంది, తిప్పితే వేగం పెరుగుతుంది. కొంచెం తిప్పగానే ఇంజను ఒళ్ళంతా కుదుపుకుంది. టక టక టక అనాల్సింది టక, టక, అని మధ్యలో దిగిపోయింది. ఇంకా తిప్పితే మళ్ళీ అందుకుని గట్టిగా అరిచింది. వెనక్కి తిప్పితే మళ్ళీ కుంటింది. మావయ్య చెప్పింది నిజమే.

ఆ ఇంజన్లో రెండు సిలిండర్లు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండూ వంతులు వేసుకుని కొడితేనే నడక సమంగా ఉంటుంది. ఆపి ప్లగ్గులు విప్పి చూశాను. పైదాని ప్లగ్గు ఎండి, గోధుమ రంగులో ఆరోగ్యంగా ఉంది. కిందిది తడిసి, మసి పట్టి ఉంది. అంటే కింది సిలిండరు మధ్య మధ్యలో పని మానేస్తోంది. ఇంతవరకు తేలికే.

మొదట కార్బురేటరుని అనుమానించాను. పెట్రోలూ గాలీ కలిపే చోట ఏదో మూసుకుపోయి ఉంటుందనుకున్నాను. విప్పి, ప్రతి రంధ్రంలోంచీ సన్నని తీగ పోనిచ్చి, గాలి ఊది, మూడు రోజులు దానితోనే గడిపాను. చూడ్డానికి కొత్త గిన్నెలా తయారైంది. ఇంజను మాత్రం అక్కడే కుంటింది.

తరువాత ప్లగ్గులు తారుమారు చేశాను. పైది కిందకి, కిందిది పైకి. ప్లగ్గుది తప్పయితే రోగం దానితో పైకి రావాలి. రాలేదు. గోల్‌బజార్‌కి వెళ్ళి, స్కూటరు సామాన్ల దుకాణంలో రవ్వకి బలమిచ్చే కండెన్సరు కొత్తది ఒకటి తెచ్చి కింది సిలిండరు వైపు వేశాను. దుకాణం ఆయన నేను ఏ బండికి అని అడిగితే పడవకి అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, ఖరగ్‌పూర్‌లో పడవా దీదీ, అని, పక్క దుకాణం వాళ్ళని కూడా పిలిచి చెప్పాడు. కండెన్సరు మార్చినా తేడా లేదు. నిప్పురవ్వ పుట్టించే కాయిళ్ళు రెండూ ఒకే రకమే కాబట్టి వాటినీ తారుమారు చేశాను. రోగం కిందే కూర్చుంది. ప్లగ్గుని బయట పెట్టి తాడు లాగి చూస్తే రవ్వ నీలంగా, లావుగా కనబడుతోంది. సిలిండరు నోటికి బొటనవేలు అడ్డుపెట్టి తాడు లాగిస్తే గాలి వేలిని తోసేస్తోంది. పైనా అంతే, కిందా అంతే.

పెట్రోలు బాగుంది, రవ్వ బాగుంది, గాలి ఒత్తిడి బాగుంది. అయినా కుంటుతోంది. క్రిస్మస్ దగ్గరకొచ్చింది.

ఆ రోజుల్లో నేను సరిగా తినలేదు. పడుకున్నా చెవిలో ఆ టక, టక వినపడేది. ముప్పై ఏళ్ళుగా ఎవరు ఏ ఇంజను తెచ్చినా నేను తలవంచుకున్నది లేదు. రిటైరయ్యాక చేతులు మొద్దుబారాయేమో అన్న ఆలోచన నన్ను పీకేది. మా ఆయన ఒక మాట అన్నాడు, కాకపోతే వాళ్ళని మామూలు తెడ్ల పడవలో తిప్పుదాం, ఏమవుతుంది అని. ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

మిగిలింది ఒకటే అని నిశ్చయించుకున్నాను. ఇంజను పొట్టలో ఎక్కడో అతుకు దగ్గర గాలి లీకవుతోంది. అయితే మొత్తం ఇంజన్ని రెండు ముక్కలుగా విప్పాలి. విప్పితే మధ్యలో ఉన్న పాత అట్ట సీళ్ళు చిరిగిపోతాయి. అలాంటివి ఇప్పుడు ఎక్కడా దొరకవు. నేనే కోసి తయారు చేయాలి. సరిగా కుదరకపోతే కుంటే ఇంజను కాస్తా ఎప్పటికీ లేవని ఇంజను అవుతుంది. ఈ సంగతి మావయ్యకి చెప్పాను. ఆయన సగం తాగిన టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. తరువాత, నీకెలా తోస్తే అలాగే చెయ్యి అన్నాడు.

మర్నాడు ఉదయం విప్పడానికి పానాలు వరసగా పేర్చుకున్నాను. ఆ పూట మావయ్యతోపాటు అత్త కూడా వచ్చింది. ఒక చేతిలో పచ్చి బఠాణీ కాయల సంచి, ఇంకో చేతిలో గిన్నె. ఈయన రోజూ పెట్రోలు కంపు కొడుతూ ఇంటికి వస్తున్నాడు, ఇక్కడేం జరుగుతోందో చూసి పోదామని వచ్చానని చెప్పి, మా మెట్ల మీద ఎండలో కూర్చుని కాయలు వలవడం మొదలుపెట్టింది. విప్పే ముందు ఆఖరిసారి నడుపుదామని నేను ఇంజను లేపాను. పిడి మావయ్య చేతికిచ్చి, నెమ్మదిగా పెంచి తగ్గించమన్నాను. నేను డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని, ప్రతి అతుకు దగ్గరా చెవి పెట్టి వింటున్నాను. ఆయన పెంచాడు, కుంటింది. ఇంకా పెంచాడు, అందుకుంది. తగ్గించాడు, కుంటింది.

మూడు నాలుగు సార్లు అయ్యాక అత్త బఠాణీలు వలవడం ఆపేసింది. చేయి ఎత్తి మళ్ళీ అన్నట్టు సైగ చేసింది. మావయ్య మళ్ళీ తిప్పాడు. ఆవిడ కళ్ళు ఇంజను మీద లేవు, మావయ్య చేతి మీద ఉన్నాయి. ఇంజను ఆపమని నాకు చెప్పి, అది ఆగాక నిదానంగా అంది.

"ఆయన సెయ్యి ఆడికెళ్తేనే తప్పుతోంది. ఎక్కేటప్పుడూ అక్కడే, దిగేటప్పుడూ అక్కడే."

అవును అత్తా, ఆ వేగంలో తప్పుతుంది అన్నాను నేను, కొంచెం విసుగ్గానే.

"వేగం కాదమ్మా, సోటు. ఒకసారి ఆయన సెయ్యి గభాలున తిప్పేసినాడు. ఇంజను ఇంకా అంత స్పీడు అందుకోనేనేదు, అయినా ఆ సోటుకి సెయ్యి రాగానే తప్పేసినాది. నా హార్మోనీలో ఒక మెట్టు ఇలాగే ఉండేది. పాట మెల్లగా పాడినా, జోరుగా పాడినా, ఆ మెట్టు మీద ఏలు పడితే పలికేది కాదు. పాట తప్పు కాదు కదా, మెట్టు తప్పు."

నేను డ్రమ్ము పక్కనే తడి నేల మీద కూర్చుండిపోయాను. నిజానికి ఆ ఇంజన్లో పిడి తిప్పితే పెట్రోలు ఒక్కటే పెరగదు. పైన పళ్ళెంలాంటి చక్రం కింద ఒక పలక ఉంటుంది. కాయిళ్ళు, వాటి వైర్లు, రవ్వని తెంచే పాయింట్లు అన్నీ ఆ పలక మీదే ఉంటాయి. పిడితోపాటు ఆ పలక కూడా గుండ్రంగా జరుగుతుంది. అది నాకు తెలియక కాదు. తెలిసి కూడా, తప్పు వేగంలో ఉందనే మొదటి రోజు నుంచీ అనుకుంటూ వచ్చాను. రవ్వని పరీక్షించిన ప్రతిసారీ పిడిని మొదట్లోనే, స్టార్టు చేసే చోటే ఉంచి తాడు లాగాను. అక్కడ రవ్వ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

పేర్చిన పానాల్లోంచి ఒక్కటి తీసుకున్నాను. పైచక్రం విప్పాను. కింది సిలిండరు కాయిలు వైరు ఊడదీసి, పాయింట్ల మధ్య చిన్న కాగితం ముక్క దూర్చాను. ఇప్పుడు ఆ వైరు ఎక్కడా ఇనుముకి తగలకూడదు. కరెంటు పరీక్షించే మీటరు తెచ్చి, దాని ఒక కొస వైరుకి, ఇంకో కొస ఇంజను ఒంటికి పెట్టాను. వైరు ఇనుముకి తగిలితే మీటరు కూస్తుంది. పిడి తిప్పమని అత్తకే ఇచ్చాను. ఆవిడ చేతులు తుడుచుకుని, చర్చిలో హార్మోనియం ముందు కూర్చున్నట్టు నిటారుగా నిలబడి, నెమ్మదిగా తిప్పింది. మీటరు మౌనంగా ఉంది. ఇంకొంచెం. మౌనం. ఇంకొంచెం. కీ మంది. ముందుకు పోతే ఆగిపోయింది. వెనక్కి తెస్తే మళ్ళీ అక్కడే కీ మంది.

అద్దం ముక్క ఒకటి తెచ్చి పలక కింద పట్టుకుని చూశాను. పాయింట్ల దగ్గరకి పోయే వైరు, పలక కదిలినప్పుడల్లా అటూ ఇటూ వంగి, ఇన్నేళ్ళకి దాని మీది తొడుగు ఒకచోట పగిలింది. గోరంత మేర రాగి బయటపడింది. పిడి ఒక్కచోటుకి వచ్చినప్పుడు ఆ గోరంత రాగి పక్కనున్న ఇనప బొడిపెకి తగులుతోంది. తగిలినంతసేపూ కింది సిలిండరుకి రవ్వ లేదు. కాయిళ్ళు తారుమారు చేసినప్పుడు ఆ వైరుని నేను ముట్టుకోలేదు, అందుకే రోగం కిందే ఉండిపోయింది.

నాకు నవ్వొచ్చింది. ఇన్ని రోజులు గోరంత రాగి నన్ను ఆడించింది. మావయ్య నా నవ్వు చూసి, దొరికిందా అని అడగడానికి కూడా భయపడి, అత్త మొహం చూశాడు. దొరికింది మావయ్యా అన్నాను. ఆయన మెట్ల మీద కూలబడి, బఠాణీ గిన్నె పక్కకి నెట్టి, ఇక ఆగకుండా మాట్లాడాడు. ఆయన స్నేహితుడైన ఆ డ్రైవరు ఇలాంటి తప్పులు ఎలా పట్టేవాడో, ఏ ఇంజను ఏ స్టేషను దగ్గర ఎలా మొరాయించేదో, అంతా. అత్త గిన్నె మళ్ళీ దగ్గరకి జరుపుకుని కాయలు వలుచుకుంది.

కొత్త వైరు వేసి, దాని మీద బట్ట తొడుగు ఎక్కించి, బొడిపెకి అందకుండా దూరంగా తిప్పి, మైనం రాసిన దారంతో రెండు చోట్ల కట్టాను. మర్నాడు డ్రమ్ములో లేపితే మూడోసారికే అందుకుంది. పిడి మొదటి నుంచి చివరిదాకా తిప్పాను. కుట్టుమిషను నడిచినట్టు నడిచింది. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగి చూసి, ఇన్నాళ్ళూ తిట్టుకున్నవాళ్ళే, అదే ఇంజనా అని అడిగారు.

పిక్నిక్కు రోజు మంచు విడిచేసరికి తొమ్మిదయింది. ఆనకట్టకి ఎగువన కాసాయిలో చలికాలంలో కూడా నీళ్ళు నిలిచి ఉంటాయి. ఒడ్డున చర్చివాళ్ళు పొయ్యిలు పెట్టారు. మటన్ ఒక పక్క, పులిహోర ఒక పక్క, ఎవరో తెచ్చిన కొత్త బెల్లం సందేశ్ మిఠాయి పెట్టెలు ఇంకో పక్క. నేను హిందువునని గుర్తుపెట్టుకుని ఒకామె నా కోసం పులిహోర ముందే విడిగా తీసి పెట్టింది. నేను మటన్ కూడా తింటానని తెలిశాక ఆమె కొంచెం నిరాశపడింది.

పడవ ఒక బెంగాలీ చేపలాయనది. నలభై ఏళ్ళవాడు, ఎప్పుడూ గెడ కర్రతో తోసుకునే నడుపుతాడు. పడవ వెనక కోసుగా ఉంటుంది కాబట్టి ముందు రోజే వెళ్ళి ఇంజను తగిలించడానికి పక్కగా ఒక గట్టి సాల చెట్టు చెక్క బిగించి వచ్చాం. ఆయన ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, "దీదీ, చొల్బే తో?" అని నన్ను అడిగాడు, నడుస్తుంది కదా అని. నడుస్తుంది దాదా అన్నాను. అయినా ఆయన గెడ కర్ర తీసి పడవలో పొడుగ్గా పెట్టుకున్నాడు. నా చీర కొంగులోనూ ప్లగ్గుల పానా కట్టి ఉంది.

అత్త ముందు కూర్చుంది, పసుపు స్వెట్టరు, మెడకి మఫ్లరు. మావయ్య ఇంజను దగ్గర. నేను ఆయన పక్కన. మావయ్య తాడు లాగాడు, అందుకోలేదు. రెండోసారి లాగాడు, అందుకుంది. ఒడ్డున పిల్లలు కేకలేశారు. పడవ ముక్కు నెమ్మదిగా నది మధ్యకి తిరిగింది. మావయ్య నా కేసి చూసి పిడి కొంచెం తిప్పాడు. ఆ చోటు వస్తోందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇంజను ఆ చోటు దాటి, ఏమీ జరగనట్టే ముందుకి పోయింది.

అత్త వెనక్కి తిరగలేదు. చేయి పడవ అంచు మీద పెట్టి, ఇంజను దెబ్బకి తగ్గట్టు వేలితో తాళం వేస్తోంది. కాసేపటికి తల తిప్పి, ఇదేనండీ, అప్పట్లో ఇలాగే ఉండేది అంది. మావయ్య పిడి మీద చేయి అలాగే ఉంచి, ముందుకి చూస్తూ నడిపాడు. ఆయన కళ్ళలో నీళ్ళు గాలికే వచ్చాయని నేను అనుకోలేదు.

రైలు వంతెన కనబడే దాకా పోయి పడవ వెనక్కి తిప్పాం. అప్పుడు అత్త లేచి, వంగి వంగి, నా భుజం పట్టుకుని వెనక్కి వచ్చింది. పిడి తనకివ్వమంది.

"నీకేటి ఒచ్చు ఇది," అన్నాడు మావయ్య.

"నేను సూపించబట్టే కదా ఇది నడుస్తున్నాది. జరుగు."

ఆయన జరిగాడు. అత్త పిడి పట్టుకుంది. మొదట పడవ కుడికి, తరువాత ఎడమకి, తరువాత తనకి తోచిన దిక్కుకి పోయింది. ఒకసారి ఇసక తిన్నెకి చేరువగా వెళ్ళి, చేపలాయన గెడతో తోస్తే తప్పుకుంది. మావయ్య రెండు చేతులతో పడవ అంచులు పట్టుకుని, ఎన్నో గూడ్సు బండ్లని దాటించిన గార్డు, నెమ్మదిగా నెమ్మదిగా అంటూ కూర్చున్నాడు. అత్తకి సరదా పట్టింది. పిడి చివరి దాకా తిప్పేసింది. నీళ్ళు చిమ్మి అందరి మొహాల మీదా పడ్డాయి. ఆవిడ గట్టిగా నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

సరిగ్గా నది మధ్యలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అందరూ నా వైపు చూశారు. కొంగు ముడి విప్పి పానా తీశాను. వైరు తెగిందా, ముడి ఊడిందా అని ఒక్క క్షణంలో అన్నీ వెనక్కి తిరిగి చూసుకున్నాను. అప్పుడు చేపలాయన వంగి, టాంకు మూత తీసి లోపలికి చూసి, ఖాళీ టాంకుని వేలితో టంగుమనిపించాడు. అత్త నది చుట్టూ తిప్పిన తిప్పుడికి పెట్రోలు మొత్తం అయిపోయింది. తెచ్చిన డబ్బా ఒడ్డున, పులిహోర గిన్నెల పక్కన ఉంది.

చేపలాయన ఉదయం నుంచీ దీని కోసమే చూస్తున్నట్టు గెడ కర్ర అందుకున్నాడు. తోస్తూనే నవ్వాడు, నవ్వుతూనే తోశాడు. మేము ముగ్గురం కూడా నవ్వుతూ ఒడ్డు చేరాం. అప్పటికి మటన్ అడుగంటింది. పులిహోర మాత్రం బోలెడు ఉంది. విడిగా తీసి పెట్టిన ఆమె ఆ గిన్నె నా ముందు పెట్టి, చూశారా అన్నట్టు నిలబడింది. అందరం దాంతోనే భోజనం చేశాం. అత్త తన ప్లేటులోని సందేశ్ చేపలాయనకి ఇచ్చింది.

తిన్నాక డబ్బాలోంచి పెట్రోలు పోశాను. ఈసారి మీరు పోయి రండి అని మావయ్య చేపలాయనతో అన్నాడు, మాకు ఇంక ఓపిక లేదు, ఒకసారి మీరే నడిపి చూడండి. ఆయన మొదట వద్దన్నాడు. తాను ఎప్పుడూ ఇంజను పట్టింది లేదన్నాడు. అత్త పిడి ఎలా తిప్పాలో చూపించింది. ఆయన తాడు ఒక్కసారి లాగితే అందుకుంది. ఇసక తిన్నె చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేస్తానన్నాడు. తిరిగాడు. రెండో చుట్టూ తిరిగాడు. మేము ఒడ్డున నిలబడి చేతులూపి పిలిచాం. ఆయన కూడా చేయి ఊపి, మూడో చుట్టుకి మళ్ళాడు.